జియోథర్మల్ రిపోర్టు చదవడం ఎలా: వేడి, బండ, నీళ్లు, మెగావాట్లు

భూమి లోపలి వేడితో కరెంటు అని ఎక్కడ వార్త వచ్చినా ముందు కళ్లకు కనబడేది డిగ్రీలే. ఫలానా చోట 140 డిగ్రీలు, ఇంకోచోట 200 డిగ్రీలు. ఆ అంకె దగ్గరే ఆగిపోతే సగం మోసపోయినట్టే, ఎందుకంటే లోపల వేడి లేని చోటంటూ లేదు, తవ్వుకుంటూ పోతే హైదరాబాద్ కింద కూడా తగులుతుంది. అరుదుగా దొరికేవి వేరే ఉన్నాయి. ఆ వేడిని పైకి మోసుకొచ్చే నీళ్లు ఒకటి, ఆ నీళ్లు కదలడానికి బండలో దారి ఇంకొకటి. కాబట్టి ఏ రిపోర్టు చేతికొచ్చినా ఒక వరసలో చదవండి: వేడి ఎంత, బండలో దారి ఉందా, బోరు ఎంత ఇస్తోంది, ప్లాంటు దాన్ని ఎంత కరెంటు చేస్తుంది, అలా ఎన్నాళ్లు నడుస్తుంది. పదాలు కూడా ఆ వరసలోనే చెబుతాను. కొన్నింటికి పాఠ్యపుస్తకాల్లో తెలుగు మాటలున్నాయి గానీ ఇంజనీర్లు, డ్రిల్లర్లు రోజూ వాడేవి ఇంగ్లిషువే, నేనూ అవే వాడతాను.

ముందు గ్రేడియంట్

లోతుకు వెళ్లేకొద్దీ కిలోమీటరుకు ఎన్ని డిగ్రీలు పెరుగుతోందన్నదే జియోథర్మల్ గ్రేడియంట్. లెక్క తేలిక. అడుగున ఉష్ణోగ్రతలోంచి పైన ఉష్ణోగ్రత తీసేసి లోతుతో భాగించాలి. నేల దగ్గర 28, ఒకటిన్నర కిలోమీటర్ల లోతున 73 ఉంటే తేడా 45, అంటే కిలోమీటరుకు 30 డిగ్రీలు. ఖండాల మీద మామూలుగా ఉండేది 25 నుంచి 30. అగ్నిపర్వతాల దగ్గర ఇది వందకు పైగా పోతుంది, పాత గట్టి నేలల్లో బాగా తగ్గుతుంది. రష్యాలోని కోలా బోరు 12,262 మీటర్లు దిగితే అడుగున దొరికింది 180 డిగ్రీలే, సగటున కిలోమీటరుకు 15 కూడా సరిగ్గా రాలేదు. తెలంగాణలో, రాయలసీమలో మన కాళ్ల కింద ఉన్న గ్రానైట్, నైస్ అనే చారల బండ కూడా ఎక్కువ భాగం అలాంటి కోట్ల ఏళ్ల నాటి చల్లారిన నేలే, దాన్నే ధార్వార్ క్రేటన్ అంటారు. క్రేటన్ అనే మాట రిపోర్టులో కనబడితే ఇది పాతది, కదలికలు తక్కువ, వేడి మెల్లగా వచ్చే చోటు అని అర్థం చేసుకోండి.

హీట్ ఫ్లో వేరే అంకె. గ్రేడియంట్‌ను ఆ బండ వేడిని ఎంత బాగా ప్రసరింపజేస్తుందో చెప్పే థర్మల్ కండక్టివిటీతో గుణిస్తే వస్తుంది. కిలోమీటరుకు 30 డిగ్రీలు, కండక్టివిటీ 2.5 అయితే చదరపు మీటరుకు 75 మిల్లీవాట్లు. చదరపు మీటరుకు! ఒక ఎల్‌ఈడీ బల్బుకి కూడా చాలదు. భూమి వేడి అనంతం అని రాసేవాళ్లకి ఈ అంకె చూపించాలి. లోపల పోగుపడి ఉన్న వేడి బ్రహ్మాండం, నిజమే, కానీ అది తనంతట తాను పైకి వచ్చే వేగం ఇంతే. మనం తీసేది ముఖ్యంగా ఆ నిల్వనే, రోజువారీ ప్రవాహాన్ని కాదు. పునరుత్పాదకం అన్న మాటను ఇక్కడ కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలని నా ఉద్దేశం.

ఆ వేడి ఎక్కడిదంటే, కొంత భూమి పుట్టినప్పటిది, కొంత బండల్లోని యురేనియం, థోరియం, పొటాషియం క్షీణిస్తూ పుట్టించేది. కొన్నిచోట్ల దగ్గర్లోనే మాగ్మా, అంటే కరిగిన బండ ఉంటుంది. రిపోర్టులో "హీట్ సోర్స్" అన్నచోట ఈ మూడింటిలో ఏది రాశారో చూడండి. అసలు మాగ్మా అవసరం లేకుండానే వాన నీళ్లు పగుళ్లలోంచి రెండు మూడు కిలోమీటర్లు దిగి, మామూలు గ్రేడియంట్‌తోనే వేడెక్కి, ఇంకో పగులు గుండా పైకి వచ్చే చోట్లు చాలా ఉన్నాయి. దీన్ని డీప్ సర్క్యులేషన్ అంటారు. వేడినీటి బుగ్గ కనబడగానే కింద అగ్నిపర్వతం ఉందని రాసేయడం తప్పు.

గ్రేడియంట్ విషయంలో రెండు చోట్ల పొరబడతారు. ఒకటి, బోరు తవ్విన వెంటనే అడుగున కొలిచిన ఉష్ణోగ్రత, అంటే బాటమ్ హోల్ టెంపరేచర్, అసలుకంటే తక్కువ చూపిస్తుంది, ఎందుకంటే డ్రిల్లింగ్‌లో తిప్పే మడ్ బండను చల్లబరుస్తుంది. కొన్ని రోజులు, ఒక్కోసారి వారాలు ఆగి కొలిస్తే గానీ సరైనది రాదు, కాబట్టి ఎప్పుడు కొలిచారో రాశారా లేదా చూడండి. రెండోది ఇంకా పెద్ద పొరపాటు. వేడినీటి బుగ్గ పక్కన వంద మీటర్లు తవ్వి అక్కడ 80 డిగ్రీలు వచ్చిందని, అదే లెక్కన కిలోమీటరు లోతుకి గీత పొడిగించి 500 డిగ్రీలు అనేయడం. బుగ్గ కింద వేడి నీళ్లే పైకి కదులుతుంటాయి, అది కన్వెక్షన్. నీళ్లు కదిలేంత మేరా ఉష్ణోగ్రత పెద్దగా మారదు, గీత నిటారుగా నిలబడిపోతుంది. వేడి బండలోంచి బండలోకి పాకే చోట, అంటే కండక్షన్ ఉన్నచోట మాత్రమే గీతను కొంతవరకు పొడిగించవచ్చు.

బండలో దారి

అసలు సంగతి ఇక్కడుంది.

పొరాసిటీ అంటే బండలో ఖాళీ ఎంత శాతం. పర్మియబిలిటీ అంటే ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి నీటిని పోనిస్తాయా. ఈ రెండూ ఒకటి కాదు. బంకమట్టిలో ఖాళీ చాలా ఎక్కువ, నీళ్లు మాత్రం కదలవు. పర్మియబిలిటీని డార్సీల్లో, ఎక్కువగా మిల్లీడార్సీల్లో కొలుస్తారు. అంకె పెద్దదైతే దారి బాగుందని.

తెలుగు ప్రాంతంలో బోరు వేయించిన ఎవరికైనా దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. మా చేలో 800 అడుగులు దిగినా దుమ్మే, పక్కవాళ్లకి 300 అడుగుల్లో రెండించుల నీళ్లు. గ్రానైట్‌కి సొంతంగా పొరాసిటీ దాదాపు లేదు, నీళ్లుండేది పగుళ్లలోనే, డ్రిల్లరు "గ్యాప్ తగిలింది" అన్నప్పుడు తగిలింది అదే. జియోథర్మల్‌లో దాన్ని ఫ్రాక్చర్ పర్మియబిలిటీ అంటారు, ప్రపంచంలో చాలా జియోథర్మల్ బోర్లు బతికేది దాని మీదే. ఒకేచోట పక్కపక్కన రెండు బోర్లు తవ్వితే ఒకటి మెగావాట్లు ఇచ్చి ఇంకోటి ఉత్తదై పోవడమూ అందుకే.

పగులుకి రెండు వైపులా బండలు జరిగి ఉంటే అది ఫాల్ట్, అంటే భ్రంశం. ఫాల్టులు నీటికి దారి కావచ్చు, లోపల బంకమట్టో ఖనిజమో నిండిపోయి అడ్డుగోడా కావచ్చు. అందుకే రిపోర్టు "ఫాల్ట్ ఉంది" అని ఊరుకుంటే చాలదు, అది తెరిచి ఉందా మూసుకుపోయిందా చెప్పాలి. రెండు ఫాల్టుల మధ్య నేల కుంగిపోయి ఏర్పడిన పొడవాటి లోయ గ్రాబెన్. మన గోదావరి లోయ అలాంటిదే. ఆ కుంగిన చోట గోండ్వానా ఇసుకరాళ్లు, బొగ్గు పొరలు పేరుకున్నాయి, సింగరేణి బతుకంతా అందులోదే. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గర బొగ్గు కోసం వేసిన బోర్లలో వేడినీళ్లు వాటంతట అవే పైకి తన్నుకొచ్చాయి. అలా మోటారు లేకుండా సొంత ఒత్తిడితో పైకొచ్చే బోరుని ఆర్టీసియన్ అంటారు. అక్కడి పగిడేరు గ్రామంలో ఆ నీళ్లతోనే 20 కిలోవాట్ల పైలట్ ప్లాంటు పెట్టారు. చాలా చిన్నది. అయినా అది ఇసుకరాయి రిజర్వాయర్ అని గుర్తుపెట్టుకోండి: ఇసుకరాయిలో రేణువుల మధ్యే ఖాళీ ఉంటుంది, గ్రానైట్‌లోలా ఒక్క పగులు మీద ఆధారపడాల్సిన పని లేదు.

రిజర్వాయర్ అనగానే డ్యాము వెనక నీళ్లు గుర్తొస్తాయి, ఇక్కడ అర్థం వేడి నీరో ఆవిరో నిండి, దాన్ని కదలనిచ్చే బండ. దాని మీద నీటిని పైకి పోనివ్వని పొర క్యాప్ రాక్. దానికి వాననీరో మంచునీరో వచ్చి చేరే దారి రీచార్జ్. వేడి, నీళ్లు, పర్మియబిలిటీ మూడూ సహజంగానే కలిసొచ్చిన చోటును హైడ్రోథర్మల్ సిస్టమ్ అంటారు.

క్యాప్ రాక్‌ని పైనుంచే పసిగట్టే పద్ధతి మాగ్నెటోటెల్యూరిక్స్, రిపోర్టుల్లో ఎంటీ సర్వే అని రాస్తారు. భూమిలో సహజంగా పారే విద్యుత్ తరంగాలను కొలిచి, లోపల ఏ లోతున కరెంటు తేలిగ్గా పోతోందో పటం గీస్తారు. వేడినీరు తగిలిన బండ మారిపోయి స్మెక్టైట్ అనే బంకమట్టి అవుతుంది, అది కరెంటును బాగా పోనిస్తుంది. ఇంకా లోతున, ఉజ్జాయింపుగా 200 డిగ్రీల దగ్గర, ఆ మట్టి ఇల్లైట్ అనే ఇంకో ఖనిజంగా మారి రెసిస్టివిటీ, అంటే కరెంటును అడ్డుకునే గుణం, మళ్లీ పెరుగుతుంది. పటంలో గొడుగులా ఎర్ర మచ్చ కనబడి దాని కింద రంగు మారితే జియాలజిస్టులు సంబరపడేది ఇందుకే. కానీ ఎంటీ చూపించేది బండ ఒకప్పుడు వేడెక్కిందని, ఇప్పుడూ వేడిగా ఉందని కాదు. ఎప్పుడో చల్లారిన చోట కూడా ఆ మట్టి అలాగే ఉండిపోతుంది.

తవ్వకముందే లోతు ఉష్ణోగ్రత చెప్పడం

నాకు ఈ మొత్తం సబ్జెక్టులో బాగా నచ్చేది జియోథర్మామీటర్. అది పరికరం కాదు, లెక్క. బుగ్గ నీళ్లు సీసాలో పట్టి ల్యాబులో సిలికా ఎంత ఉందో చూస్తారు. నీళ్లు ఎంత వేడిగా ఉంటే బండలోని క్వార్ట్జ్ (అదీ సిలికాయే) అంత ఎక్కువ కరుగుతుంది. ఆ నీళ్లు వేగంగా పైకొచ్చి చల్లబడ్డా కరిగిన సిలికా వెంటనే బయటపడదు, దానికి టైం పడుతుంది. అంటే లోతున ఉన్న ఉష్ణోగ్రత ఆనవాలు నీళ్లలోనే మిగిలిపోతుంది. సోడియం, పొటాషియం నిష్పత్తితో ఇంకో లెక్క, కాల్షియం కూడా కలిపి మరో లెక్క ఉన్నాయి. పైకొచ్చే దారిలో చన్నీళ్లు కలిస్తే సిలికా పలచబడి లెక్క తక్కువ చూపిస్తుంది, నిష్పత్తుల లెక్క అంతగా చెడదు. కాబట్టి రిపోర్టులో రెండు మూడు పద్ధతులు దగ్గర దగ్గర అంకెలు ఇస్తే నమ్మకం పెంచుకోండి, ఒకటి 120 ఇంకోటి 240 అంటుంటే నీళ్లు కలిశాయా, అసలు బండతో సమతూకానికి వచ్చాయా అని అడగాలి.

లద్దాఖ్‌లోని పుగా లోయ దీనికి మంచి ఉదాహరణ. అక్కడ బుగ్గల నీళ్లు 84, 85 డిగ్రీల దగ్గరే మరుగుతుంటాయి, అది చూసి వేడి తక్కువ అనుకోకూడదు, లోయ ఎత్తు సుమారు 4,400 మీటర్లు, గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు మరిగేదే అక్కడ. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు వేసిన 34 బోర్లలో లోతైనది 385 మీటర్లు, ఆ కాస్త లోతులోనే సుమారు 140 డిగ్రీలు తగిలింది. నీళ్ల రసాయనం లోపల ఇంకా ఎక్కువ ఉందని చెబుతోంది. ఇది భారత ఫలకం ఆసియాకి గుద్దుకున్న అతుకు దగ్గర, సింధు సూచర్ జోన్ అంటారు, ఉంది. పైకి బోరాక్స్, గంధకం పేరుకుని కనబడతాయి. ఓఎన్‌జీసీ 2021లో లద్దాఖ్ యంత్రాంగంతో ఒప్పందం చేసుకున్నది ఈ లోయ కోసమే. ఇప్పుడు ఈ పేరాలో ఏ అంకె లేదో గమనించారా? ఒక్క బోరు సెకనుకి ఎన్ని కిలోల నీళ్లు, ఎన్ని నెలలపాటు ఇస్తుందన్నది. పుగా గురించి వార్త వస్తే మీరు ముందు వెతకాల్సింది అదే.

బోరు భాష

రిగ్, బిట్, కేసింగ్ ఇక్కడి బోరు బండి వాళ్లు వాడే మాటలే, సైజు మాత్రమే వేరు. ఇక్కడ కేసింగ్ పైన మట్టి కూలకుండా కొన్ని అడుగులే దింపుతారు, అక్కడ ఒక పైపులోంచి ఇంకో సన్నపాటి పైపు చొప్పున కిలోమీటర్ల కొద్దీ దింపి, పైపుకీ బండకీ మధ్య పూర్తిగా సిమెంటు నింపుతారు. ఎందుకంటే వెయ్యి మీటర్ల ఇనుప పైపు 200 డిగ్రీలు వేడెక్కితే, వదిలేస్తే, దాదాపు 2.4 మీటర్లు సాగుతుంది. సిమెంటు దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది, సిమెంటులో ఒక్కచోట నీళ్లు మిగిలిపోయినా అవి వేడికి వ్యాకోచించి పైపును లోపలికి నొక్కేస్తాయి. జియోథర్మల్ బోర్లు పాడయ్యే కారణాల్లో ఇదొక పెద్దది. అడుగున రిజర్వాయర్‌లో మాత్రం సిమెంటు వేయరు, చిల్లులున్న పైపు వేలాడదీస్తారు, అది స్లాటెడ్ లైనర్.

మడ్ అంటే బురద కాదు, బిట్‌ని చల్లబరిచి పొడిని పైకి తెచ్చే ద్రవం. అది పైకి తిరిగి రాకుండా బండలోకి పోతే లాస్ట్ సర్క్యులేషన్. డ్రిల్లరుకి అప్పుడు టెన్షన్, డబ్బు పోతోంది, పైపు ఇరుక్కుపోవచ్చు. జియాలజిస్టుకి మాత్రం సంతోషం, పెద్ద పగులు తగిలిందన్నమాట. అడుగునుంచి ఒత్తిడి ఒక్కసారిగా తన్నుకొస్తే ఆపే పెద్ద వాల్వుల సెట్టు బ్లోఅవుట్ ప్రివెంటర్.

తవ్వడం అయ్యాక అసలు పరీక్ష ఫ్లో టెస్ట్. సెకనుకి ఎన్ని కిలోలు వస్తోంది, అలా వస్తుంటే పైన ఒత్తిడి, అంటే వెల్‌హెడ్ ప్రెజర్ ఎంత, లోపల మట్టం ఎంత పడింది, అంటే డ్రాడౌన్ ఎంత. ఒత్తిడి ఒక బార్ తగ్గిస్తే సెకనుకి ఎన్ని కిలోలు అదనంగా వస్తాయన్నది ప్రొడక్టివిటీ ఇండెక్స్. తిరిగి లోపలికి పంపే బోరుకి ఇదే లెక్కను ఇంజెక్టివిటీ అంటారు. ఆరు గంటలు నడిపి ఆపేసిన ఫ్లో టెస్టుకి పెద్ద విలువ లేదు. వేసవిలో బోరు మోటారు వేయగానే బుస్సున వచ్చి గంటకి తగ్గిపోయే సంగతి మనకు తెలిసిందే కదా. వారాలు నడిపిందైతే చదవండి.

ఆవిరి, ప్లాంటు

ప్లాంట్లు మూడు రకాలు. బోరు నుంచి నీళ్లు లేకుండా ఆవిరే వస్తే డ్రై స్టీమ్, దాన్ని నేరుగా టర్బైన్‌కి ఇస్తారు. ఇటలీలోని లార్దరెల్లోలో 1904లో పియెరో జినోరి కొంటి ఇలాంటి ఆవిరితోనే కొన్ని బల్బులు వెలిగించాడు, 1913లో అక్కడే 250 కిలోవాట్ల ప్లాంటు వచ్చింది. కాలిఫోర్నియాలోని ది గీజర్స్ కూడా ఈ రకమే. ఇలాంటి చోట్లు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఎక్కువ చోట్ల లోపల ఉండేది ఒత్తిడిలో ఉన్న వేడినీళ్లు. 200 డిగ్రీలున్నా మరగవు, కుక్కరులో 120 దాకా మరగనట్టే. ఒత్తిడి తగ్గించగానే కొంత భాగం ఒక్కసారిగా ఆవిరవుతుంది, అదే ఫ్లాష్. ఎంత భాగం? ఇక్కడ ఎంథాల్పీ కావాలి, అంటే కిలో ద్రవంలో ఉన్న వేడి శక్తి, కిలోజౌళ్లలో. 200 డిగ్రీల నీటికి 852. దాన్ని 6 బార్ల ఒత్తిడి దగ్గర విడిచిపెడితే అక్కడ నీళ్లు 670 పట్టుకోగలవు, మిగిలిన 182తో ఆవిరి పుట్టాలి, కిలో ఆవిరికి అక్కడ 2,086 కావాలి. భాగిస్తే 0.087. కిలో నీళ్లలో 87 గ్రాములే ఆవిరి! మిగతా 913 గ్రాములు ఇంకా దాదాపు 160 డిగ్రీల వేడితో మిగిలాయి, వాటిని మళ్లీ తక్కువ ఒత్తిడికి తెచ్చి రెండోసారి ఫ్లాష్ చేస్తే డబుల్ ఫ్లాష్. ఆవిరినీ నీళ్లనీ విడదీసే పెద్ద డ్రమ్ము సెపరేటర్.

నీళ్లు 150 కంటే తక్కువ ఉంటే, ఇండియాలో ఎక్కువ చోట్ల ఉండేది అదే, బైనరీ ప్లాంటు. వేడినీళ్లు టర్బైన్ దగ్గరికే పోవు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌లో వాటి వేడి ఇంకో ద్రవానికి అందుతుంది. పెంటేన్, ఐసోబ్యూటేన్ లాంటివి తక్కువ వేడికే మరుగుతాయి, ఆ ఆవిరి టర్బైన్ తిప్పి, చల్లబడి, మళ్లీ ద్రవమై మొదటికొస్తుంది. దీన్ని ఆర్గానిక్ ర్యాంకిన్ సైకిల్, పొట్టిగా ఓఆర్‌సీ అంటారు. ఆర్గానిక్ అంటే ఎరువులు లేని కూరగాయలు కాదు, కార్బన్ ఉన్న ద్రవం. పగిడేరులో ఉన్నదీ బైనరీయే.

ఇక్కడ మన వాతావరణం అడ్డం వస్తుంది, దీన్ని ఎవరూ సరిగా చెప్పరు. వేడి ఇంజను ఏదైనా సరే ఎంత వేడి దగ్గర మొదలై ఎంత చల్లని చోట ముగుస్తుందన్న తేడా మీదే నడుస్తుంది, దాని గరిష్ఠ హద్దు కార్నో ఎఫిషియెన్సీ. తేడాని, వేడివైపు కెల్విన్ ఉష్ణోగ్రతతో భాగించాలి, కెల్విన్ అంటే సెల్సియస్‌కి 273 కలపడమే. అలాస్కాలోని చేనా హాట్ స్ప్రింగ్స్‌లో 2006 నుంచి 74 డిగ్రీల నీళ్లతోనే కరెంటు తీస్తున్నారు, ఇంత తక్కువ వేడితో ఎలాగంటే చల్లబరచడానికి 4 డిగ్రీల నీళ్లు పక్కనే ఉన్నాయి. 70ని 347తో భాగిస్తే హద్దు 20 శాతం, నిజంగా దొరికేది 8 శాతం దరిదాపుల్లో. అదే 74 డిగ్రీల నీళ్లు గోదావరి లోయలో ఉండి, మే నెల ఎండల్లో చల్లబరిచే వైపు 34 కంటే దిగకపోతే? తేడా 40, హద్దు 11.5 శాతానికి పడిపోయింది, చేతికొచ్చేది అందులో సగం కూడా ఉండదు. చేనాని చూపించి మన దగ్గరా అంతే వస్తుందని ఎవరైనా రాస్తే ఈ లెక్క వేసి చూపించండి. పుగాకి అక్కడి చలి లాభం.

మెగావాట్ల లెక్క మీరే వేయండి

ఇది నేర్చుకుంటే మిగతావి మర్చిపోయినా ఫరవాలేదు. సెకనుకి వచ్చే కిలోలను, నీటి స్పెసిఫిక్ హీట్ 4.2ను, ఎన్ని డిగ్రీలు వేడి లాగేశారో ఆ అంకెను గుణించండి. కిలోవాట్లు వస్తాయి. సెకనుకి 50 కిలోలు, 150 డిగ్రీల నుంచి 70కి దించారంటే 50 ఇంటూ 4.2 ఇంటూ 80, మొత్తం 16,800 కిలోవాట్లు, అంటే 16.8 మెగావాట్లు. ఇది మెగావాట్ థర్మల్, వేడి మాత్రమే. కరెంటుగా మారేది, మెగావాట్ ఎలక్ట్రిక్, ఆ స్థాయి వేడికి ఉజ్జాయింపుగా పదో వంతు, 1.7 వేసుకోండి. అది గ్రాస్. పంపులు, కూలింగ్ ఫ్యాన్లు తినేది, పారాసిటిక్ లోడ్, బైనరీలో ఐదో వంతు దాకా ఉండొచ్చు, అది తీస్తే నెట్ 1.4. పత్రికలో 17 మెగావాట్ల ప్రాజెక్టు అని పడిందంటే ఎవరో థర్మల్ అన్న మాట మింగేశారేమో చూడండి.

ఈ లెక్కలోనే నా మొదటి మాట రుజువవుతుంది. ఉష్ణోగ్రత 150 నుంచి 180కి పెరిగితే వేడి మూడో వంతు పైగా పెరుగుతుంది, ఎఫిషియెన్సీ కూడా కాస్త మెరుగవుతుంది. ఫ్లో 50 నుంచి 5కి పడితే ప్రాజెక్టే లేదు, 1.4 మెగావాట్ల బోరు డబ్బు పోసి 140 కిలోవాట్లు తెచ్చుకున్నట్టు. ఉష్ణోగ్రతలు చోటుకీ చోటుకీ రెండింతలో మూడింతలో మారతాయి, పర్మియబిలిటీ వేల రెట్లు మారుతుంది.

వేడిని వేడిగానే వాడితే ఈ పదో వంతు బాధ లేదు. దాన్ని డైరెక్ట్ యూజ్ అంటారు. ఐస్‌లాండ్‌లో పదిళ్లలో తొమ్మిదింటిని వెచ్చబెట్టేది ఇలాంటి నీళ్లే. మనకి ఇళ్లు వెచ్చబెట్టే అవసరం లేదు గానీ పంటలు, చేపలు ఎండబెట్టడం, కోల్డ్ స్టోరేజీలకి అబ్సార్ప్షన్ చిల్లర్, అంటే వేడితో నడిచే శీతల యంత్రం, నడపడం కుదురుతుంది. ఇక హీట్ పంప్ వేరే కథ, పది ఇరవై మీటర్ల లోతున ఏడాదంతా ఒకేలా ఉండే నేల ఉష్ణోగ్రతను వాడుకునే ఏసీ అది, దానికి బుగ్గలూ మాగ్మా ఏమీ అక్కర్లేదు.

దారి లేకపోతే చేసుకోవడం

వేడి ఉంది, పగుళ్లు లేవు. అప్పుడు అధిక ఒత్తిడితో నీళ్లు పంపి పగుళ్లు తెరిపిస్తారు, ఒక బోరులో చన్నీళ్లు పంపి ఇంకోదాంట్లోంచి వేడినీళ్లు తీస్తారు. ఇది ఎన్‌హాన్స్‌డ్ జియోథర్మల్ సిస్టమ్, ఈజీఎస్. పాత పేరు హాట్ డ్రై రాక్, 1970ల్లో అమెరికాలో న్యూ మెక్సికోలోని ఫెంటన్ హిల్‌లో మొదలైంది. చాలా ఏళ్లు ముందుకు కదల్లేదు. షేల్ గ్యాస్ వాళ్ల అడ్డంగా తవ్వే పద్ధతి వచ్చాక ఊపు వచ్చింది. హ్యూస్టన్‌కి చెందిన ఫెర్వో 2023లో నెవాడాలో నెలరోజుల పరీక్షలో సెకనుకి 63 లీటర్లు, 191 డిగ్రీలు, 3.5 మెగావాట్లు చూపించింది. చూశారుగా, వాళ్లు ఫ్లో అంకె, ఎన్ని రోజులన్నదీ చెప్పారు. హ్యూస్టన్‌లో చమురు కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజనీర్లకి ఈ రంగం కొత్తగా ఏమీ అనిపించదు, రిగ్గూ కేసింగూ అవే, బండ వేడి ఎక్కువ, అంతే.

పగుళ్లు తెరిస్తే చిన్న ప్రకంపనలు వస్తాయి, ఇండ్యూస్డ్ సీస్మిసిటీ. ఎక్కువగా మనుషులకి తెలియనంత చిన్నవి. కానీ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో 2006 డిసెంబరులో 3.4 తీవ్రత వచ్చింది, ప్రాజెక్టు చివరికి మూతపడింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో 2017లో వచ్చిన సుమారు 5.5 తీవ్రత భూకంపం అక్కడి ఈజీఎస్ బోరు వల్లే రగిలిందని ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం తేల్చింది. కాబట్టి ఈజీఎస్ రిపోర్టులో "ట్రాఫిక్ లైట్ సిస్టమ్" ఉందా చూడండి, అంటే ఎంత ప్రకంపనకి పంపింగ్ తగ్గించాలి, ఎంతకి ఆపేయాలి అని ముందే రాసుకున్న నియమం.

ఎన్నాళ్లు?

వాడిన నీళ్లను మళ్లీ లోపలికి పంపడం రీఇంజెక్షన్. పంపకపోతే ఒత్తిడి పడిపోతుంది, నేల కుంగుతుంది. న్యూజిలాండ్‌లో 1958లో మొదలైన వైరాకెయిలో కొన్నిచోట్ల నేల పది మీటర్లకు పైగా దిగిపోయింది. ది గీజర్స్‌లో 1980ల చివర్లో ఆవిరి తగ్గిపోతే, తర్వాత చుట్టుపక్కల ఊళ్ల శుద్ధి చేసిన మురుగునీటిని పైపుల్లో తెచ్చి లోపలికి పంపడం మొదలుపెట్టి నిలబెట్టుకున్నారు. మురుగునీటికి ఇంతకంటే మంచి వాడకం నాకు తోచదు.

మరీ దగ్గరగా పంపితే ఇంకో చిక్కు, చన్నీళ్లు వేడెక్కేలోపే ఉత్పత్తి బోరుకి చేరిపోతాయి. దాన్ని థర్మల్ బ్రేక్‌త్రూ అంటారు. ముందుగా కనిపెట్టడానికి ట్రేసర్ టెస్ట్: ఒక బోరులో రంగో రసాయనమో కలిపి, రెండోదాంట్లో ఎన్ని రోజులకు కనబడుతుందో చూస్తారు. గంటల్లో కనబడితే ఆ రెండు బోర్ల మధ్య ఒకే పెద్ద పగులుంది, కష్టమే.

స్కేలింగ్ అంటే సిలికా, సున్నం పైపుల్లో గడ్డకట్టడం. ఇందాక ఉష్ణోగ్రత చెప్పిన సిలికాయే ఇక్కడ శత్రువు, నీళ్లను ఎక్కువ చల్లబరిస్తే అది బయటపడుతుంది, అందుకే ఆఖరి డిగ్రీ దాకా వేడి పిండేయలేరు. ఆవిరితో పాటు వచ్చే కార్బన్ డయాక్సైడ్, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని నాన్ కండెన్సబుల్ గ్యాసులంటారు, ఇవి టర్బైన్ దాటిన ఆవిరిని చల్లబరిచి నీళ్లు చేసే కండెన్సర్లో పోగై టర్బైన్‌ని నీరసపరుస్తాయి, పైపుల్ని తినేస్తాయి.

ఇన్ని చిక్కులున్నా దీన్ని ఎందుకు పట్టుకుని వేలాడతారంటే కెపాసిటీ ఫ్యాక్టర్ వల్ల. ఏడాదిలో పూర్తి సామర్థ్యంతో నడిచిన భాగం అది. ఒక మెగావాట్ ప్లాంటు 90 శాతంతో నడిస్తే ఏడాదికి దాదాపు 79 లక్షల యూనిట్లు. సోలార్ 20 శాతంతో అయితే పదిహేడున్నర లక్షలు. రాత్రీ పగలూ, వానా మబ్బూ తేడా లేదు.

చివరగా రిసోర్సుకి, రిజర్వుకి తేడా. రిసోర్స్ అంటే నేలలో ఎంత వేడి ఉండొచ్చని లెక్కగట్టింది. రిజర్వ్ అంటే బోరు వేసి, ఫ్లో టెస్ట్ చేసి, ఈ ధరకి తీయగలమని రుజువైనది. ఇండియాలో జియోథర్మల్ సామర్థ్యం 10,600 మెగావాట్లు అని ప్రతి వ్యాసంలో కనబడే అంకె మొదటి రకం. బుగ్గల లెక్క, ఉష్ణోగ్రతల లెక్క పెట్టి వేసిన అంచనా అది. దాని పక్కన పగిడేరు 20 కిలోవాట్లు పెట్టి చూస్తే మనం ఎక్కడున్నామో తెలుస్తుంది. ఇకమీదట ఆ అంకె ఎక్కడైనా కనబడితే కింద రెండు పేరాలు వెతకండి, ఎన్ని బోర్లు వేశారు, ఒక్కోటి సెకనుకి ఎన్ని కిలోలిచ్చింది అని. అవి లేకపోతే ఆ రిపోర్టు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.